చెరువుకు జవాబుదారీ ఎవరు?

"ప్రత్యేక సంచికకు మీరు కూడా ఏదైనా వ్రాయండి, సర్వీసు జ్ఞాపకమైనా సరే, చరిత్ర అయినా సరే" అని మన కార్యదర్శి గారు ఫోను చేసినప్పుడు వెంటనే ఒప్పుకోలేకపోయాను. ముప్పై నాలుగేళ్లు నోటు ఫైళ్లు వ్రాసిన చేతికి వ్యాసం వ్రాసే అలవాటు లేదు. కానీ ఆ మరునాడే మా వీధికి నీళ్ల ట్యాంకరు వచ్చింది. బిందెల వరుస దగ్గర ఇద్దరు ఆడపడుచులు మాటామాటా అనుకోవడం చూశాను. ఇంటికి వచ్చి కూర్చుని, నాకు తెలిసిన నీళ్ల చరిత్రే వ్రాద్దామని నిశ్చయించుకున్నాను. అందులో నా తప్పు కూడా ఒకటి ఉంది. దాన్ని దాచకుండా చెబుతాను.

నీళ్ల కొరత అనగానే వానలు లేవంటాము, జనం పెరిగారంటాము. రెండూ నిజమే. అయితే మన రాయలసీమకు వాన ఎప్పుడూ తక్కువే. అంత తక్కువ వానతోనే మన పూర్వులు వందల ఏళ్లు వరి పండించారు. వాళ్లకు ఉండి మనకు లేకుండా పోయినదేమిటి? నా వరకు నాకు తోచిన సమాధానం ఒక్కటే. అప్పుడు ప్రతి చెరువుకూ జవాబు చెప్పే మనిషి ఒకడు ఉండేవాడు.

పోరుమామిళ్ల శాసనం

కడప జిల్లా పోరుమామిళ్లలో ఒక పెద్ద చెరువు ఉంది. దాని అసలు పేరు అనంతరాజసాగరం. విజయనగరాన్ని ఏలిన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఉదయగిరి రాజ్యాన్ని పాలిస్తున్న రోజుల్లో దీన్ని కట్టించాడు. కొండల నడుమ ఉన్న ఖాళీలను కట్టలతో కలిపి నీటిని నిలిపారు. చెరువు కట్టిన వివరం క్రీ.శ. 1369 నాటి సంస్కృత శాసనంలో ఉంది. రోజూ వెయ్యి మంది కూలీలు పనిచేశారనీ, నూరు బండ్లు రాళ్లు తోలాయనీ, పని పూర్తి కావడానికి రెండేళ్లు పట్టిందనీ అందులో చెక్కించారు. ఇప్పటి మన కంప్లీషన్ రిపోర్టు లాంటిదే అనుకోండి.

ఈ శాసనంలో మరొక విశేషం కూడా ఉంది. మంచి చెరువుకు కావలసిన అంగాలు పన్నెండు అని లెక్క చెప్పారు. ధర్మం తెలిసిన రాజు, జలశాస్త్రం తెలిసిన మనిషి, గట్టి నేల, మూడు యోజనాల దూరం నుంచి వచ్చే తీపినీటి ఏరు, కొండలు, వాటి మధ్య మరీ పొడవు కాని గట్టి రాతికట్ట, లోతైన విశాలమైన గర్భం, దగ్గరలో రాతిగని, దిగువన సారవంతమైన పొలాలు, పని తెలిసిన జనం, ఇలా సాగుతుంది ఆ జాబితా. రాజు తర్వాత నీటి సంగతి తెలిసిన మనిషిని చెప్పి, ఆ తర్వాతనే నేలనూ రాయినీ చెప్పడం గమనించదగినది.

అదే శాసనంలో చెరువుకు ఆరు దోషాలు కూడా చెప్పారు. కట్టలోనుంచి నీరు ఊరడం ఒకటి. చవుడు నేల రెండోది. రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం మూడోది. చెరువు నడుమ మెరక ఉండడం నాలుగోది. నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం ఐదోది. నీరు ఎక్కువై పొలం తక్కువ కావడం ఆరోది. ఇవి చెప్పి ఆరున్నర శతాబ్దాలు దాటింది. ఇందులో మూడో దోషాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. నా కథ దాని చుట్టే తిరుగుతుంది.

దశబంధం, నీరుగంటి, దామాషా

చెరువు తవ్వించడం సప్త సంతానాలలో ఒకటని మన పెద్దలు అన్నారు. కొడుకును కన్నంత పుణ్యమన్నమాట. అయితే పుణ్యం ఒక్కదాని మీదే వాళ్లు ఆధారపడలేదు. కన్నవాడు పెంచాలి కదా! అందుకే దశబంధం అనే ఏర్పాటు పెట్టారు. చెరువు కట్టించినవారికో, బాగుచేయించినవారికో కొంత భూమినో, ఆదాయంలో భాగాన్నో ఇనాముగా ఇచ్చేవారు. ఆ ఇనాం అనుభవించినంత కాలం కట్టా తూమూ చూసుకునే బాధ్యత ఆ కుటుంబానిదే. మన కడప, చిత్తూరు, అనంతపురం ప్రాంతాల్లో ఈ దశబంధం ఇనాములు విస్తారంగా ఉండేవి. నేను ఉద్యోగంలో చేరిన 1974లో పాత ఇనాం రిజిస్టర్లు తిరగేస్తూ ఆ మాటను ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు.

ఇక ఊళ్లో రోజువారీ పని నీరుగంటిది. తెలంగాణలో ఇతన్ని నీరటి అంటారు. మా ఊరి నీరుగంటి తాత నాకు బాగా జ్ఞాపకం. తూము ఎత్తేది అతడే, దించేది అతడే. రాత్రి పూట లాంతరు పట్టుకుని కాలవ వెంట తిరిగి మడి మడికీ నీళ్లు పారించేవాడు. మా నాన్నకు ఆయకట్టులో ఎకరంన్నర ఉండేది. అయినా సరే, తానుగా గనిమ తెంచి నీళ్లు పెట్టుకోవడానికి వీల్లేదు. పంట వచ్చాక కల్లంలోనే అతనికి మేర కొలిచేవారు. పంట పండితేనే అతనికి గింజలు. అందుచేత చివరి మడి ఎండినా అతని కడుపుకే నష్టం.

చెరువు సగమే నిండిన ఏడు దామాషా పాటించేవారు. రైతులంతా కట్ట మీద కూర్చుని, ఈసారి ఇన్ని ఎకరాలకే నీళ్లు చాలుతాయని తేల్చేవారు. తూముకు దగ్గరి పొలాన్ని ఎవరి వాటా ప్రకారం వారు పంచుకుని అందులోనే నాటేవారు. తన మడి తూము కిందే ఉన్నదని ఒకడు నిండుగా పండించుకోవడం, చివరివాడు ఎండబెట్టుకోవడం ఉండేది కాదు.

పాత రోజులన్నీ బంగారమని చెప్పడం నా ఉద్దేశం కాదు. మా నీరుగంటి తాత నీళ్లు పారించిన పొలాల్లో అతనికి సెంటు భూమి లేదు. ఊరి వాళ్లు అతన్ని అరుగు ఎక్కనిచ్చేవారు కాదు. చెరువు పూడిక తీయడానికి వెట్టికి పిలిస్తే కాదనే హక్కు పేదవాడికి లేదు. ఆ ఏర్పాటులో అన్యాయం ఉంది. దాన్ని తీసివేయడం ధర్మమే. అయితే అన్యాయంతో పాటు బాధ్యత కూడా పోయింది. దాని స్థానంలో మరొకటి పెట్టడం మరచిపోయాము.

కుంఫిణీ నుంచి స్వరాజ్యం దాకా

కుంఫిణీ ప్రభుత్వం వచ్చిన తర్వాత పెద్ద నదుల మీద గొప్ప పనులు జరిగాయి. ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేశాడు. బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయింది. ఆ ఆనకట్టలు డెల్టాకు అన్నం పెట్టాయి. కానీ మెట్ట ప్రాంతపు చిన్న చెరువుల మీద వచ్చే శిస్తు సర్కారుకు వెళ్లేది, మరమ్మతు మాత్రం రైతులే చేసుకోవాలనేవారు. దీనికే కుడిమరామతు అని పేరు. రైతులు రావడం తగ్గిపోయేసరికి 1858లో మద్రాసు ప్రభుత్వం నిర్బంధ శ్రమ చట్టం చేసింది. ఊరుమ్మడిగా నడిచిన పనిని చట్టంతో చేయించాలని చూసిందన్నమాట.

తర్వాత 1876-78 నాటి మహా కరువు వచ్చింది. ధాత సంవత్సరంలో మొదలైంది కనుక మనవాళ్లు దాన్ని ధాత కరువు అన్నారు. రాయలసీమలో లెక్కకు అందనంత జనం చనిపోయారు. ఆ తర్వాతనే పాత చెరువులు పట్టించుకోదగినవని ప్రభుత్వానికి తోచి, 1883లో చెరువుల పునరుద్ధరణ పథకం ప్రారంభించారు.

స్వాతంత్ర్యం వచ్చాక తుంగభద్ర డ్యాము 1953లో నీళ్లు నింపుకుంది. నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఈ ప్రాజెక్టులు లేకపోతే మన తరం రేషను షాపుల ముందు ఇంకా నిలబడి ఉండేది. వాటిని తక్కువ చేసి మాట్లాడే అర్హత నాకు లేదు. అయితే అదే కాలంలో చిన్న చెరువు దిక్కులేనిదైంది. 1956లో ఇనాముల రద్దు చట్టం వచ్చింది. ఇనాం భూములు రైతువారీ పట్టాలయ్యాయి. భూమి మిగిలింది కానీ దానికి ముడిపడిన చెరువు పని మిగలలేదు. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. వంశపారంపర్య పెత్తనం పోయినందుకు సంతోషించినవారిలో నేను కూడా ఒకణ్ణి. కానీ చెరువు గర్భం హద్దులు, వంకల దారులు, ఎవరి మడికి ఏ కాలవ అన్న లెక్కలు చాలా ఊళ్లలో ఆ కరణాల సంచులతోనే వెళ్లిపోయాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. రిజిస్టర్లు మూటలు కట్టి పంచుకున్నాము. ఎన్ని మూటలు విప్పకుండానే చెదలు పట్టాయో మన సభ్యులకు నేను చెప్పనక్కరలేదు.

నా చేతి మీదుగా వెళ్లిన ఫైలు

1988లో నేనొక మండల కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటును. ఒక ఊరి రైతులు అర్జీ తెచ్చారు. తూము పక్కన కట్టలోనుంచి నీరు ఊరుతోందని, వెంటనే మరమ్మతు చేయించమని కోరారు. అంచనా 18 వేల రూపాయలు. పోరుమామిళ్ల శాసనంలో చెప్పిన మొదటి దోషం అదే!

ఆ రోజుల్లో నూరెకరాల లోపు ఆయకట్టు ఉన్న చెరువు ఒక శాఖ చూడాలి, నూరు దాటితే మరొక శాఖ చూడాలి. ఈ చెరువుకు ఒక రిజిస్టరులో 97 ఎకరాలు, మరొక రిజిస్టరులో 103 ఎకరాలు వ్రాసి ఉంది. "ఈ చెరువు ఏ శాఖ పరిధిలోనిదో స్పష్టత కోరవచ్చును" అని నోటు పెట్టాను. రూలు ప్రకారం అందులో తప్పు లేదు. ఒక శాఖ మాది కాదని వ్రాసింది. మరొక శాఖ సర్వే చేయించి పంపమంది. సర్వేయరు సెలవులో ఉన్నాడు. ఆయన వచ్చేసరికి నాట్లు పడి పొలమంతా నీళ్లు నిలిచాయి. ఫైలు మూడేళ్లు తిరిగింది. తిరిగి వచ్చిన ప్రతిసారీ నేను తారీఖు వేసి, మళ్లీ పంపాను. సైకిలు మీద వెళితే ఆ చెరువు గంట ప్రయాణం. ఆ మూడేళ్లలో నేను ఒక్కసారి కూడా వెళ్లి చూడలేదు.

1991 నవంబరులో ముసురు పట్టి మూడు రోజులు వదలలేదు. మూడో రాత్రి తూము దగ్గర కట్ట తెగింది. దేవుడి దయవల్ల మనుషులకు ప్రాణహాని జరగలేదు. రెండు గేదెలు కొట్టుకుపోయాయి. కోతకు వచ్చిన అరవై ఎకరాల వరిపైన ఇసుక మేట వేసింది. నష్టం లెక్కలు వ్రాయడానికి మా అధికారితో నేను వెళ్లాను. ఆ ఊరి నీరుగంటి గండి దగ్గర కూర్చుని ఉన్నాడు. ముసలివాడు. లేచి నిలబడి నన్ను అడిగాడు:

"సార్, మేమిచ్చిన అర్జీ మీ కాడికి వచ్చిందా, రాలేదా?"

వచ్చిందన్నాను. అతడు మరి ఏమీ అడగలేదు. వచ్చి కూడా ఎందుకు పని కాలేదని అడిగితే నా దగ్గర సమాధానం ఉండేది. ఫలానా తారీఖు, ఫలానా నంబరు అని ఒప్పజెప్పేవాణ్ణి. అతడు ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

శాసనం చెప్పిన మూడో దోషం ఆ రోజు నాకు అర్థమైంది. రెండు రాజ్యాల సరిహద్దున ఉన్న చెరువు చెడుతుందని వారన్నారు. మేము రెండు శాఖల సరిహద్దున పెట్టి చెడగొట్టాము. ఆ సరిహద్దు రాయి పాతినవాణ్ణి నేనే.

పాతాళం దాకా

కట్ట మళ్లీ పోసేసరికి నాలుగేళ్లు పట్టింది. అప్పటికి రైతులు చెరువు మీద ఆశ వదిలి బోర్లు వేసుకున్నారు. ఆ ఒక్క ఊరనేముంది, రాష్ట్రమంతటా జరిగింది అదే. మనం చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు చెరువుల కింద సాగే బావుల సాగుకన్నా ఎక్కువ. ఈ శతాబ్దం వచ్చేసరికి బావులు, బోర్లు చెరువులను ఎంతో మించిపోయాయి. రిగ్గు బండ్లు వచ్చాయి, కరెంటు మోటార్లు వచ్చాయి, 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. బోరుకు నీరుగంటి అక్కరలేదు, దామాషా అక్కరలేదు. మీట నొక్కితే చాలు. ఎవరి నీళ్లు వారివే అనుకున్నాము.

కానీ మన సీమది రాతి నేల. రాతి పగుళ్లలో పట్టే నీరు కొంచెమే. ఆ పగుళ్లలోకి నీళ్లు ఇంకించేది చెరువే. చెరువు నిండితే కింది బావులు నాలుగు నెలలు నిలబడతాయి. వంకలు ఆక్రమణకు గురై, గర్భంలో ఒండ్రు పేరుకుపోయిన తర్వాత బోర్లకు నీరు ఎక్కడినుంచి వస్తుంది? వంద అడుగుల్లో పడిన నీళ్లు మూడు వందలకు, ఐదు వందలకు, వెయ్యికి దిగాయి. నేను చెప్పిన ఊరిలో ఒక్కో రైతు నాలుగైదు బోర్లు వేసి అప్పుల పాలయ్యాడు. వారి పిల్లలు కొందరు బెంగళూరులో, కొందరు కువైట్‌లో కూలికి కుదిరారు.

దేశం మొత్తం మీద మనం ఏడాదికి సుమారు 24 వేల కోట్ల ఘనపు మీటర్ల నీటిని భూమిలోనుంచి తోడుతున్నామని కేంద్ర భూగర్భ జల మండలి లెక్కలు చెబుతున్నాయి. మన భాషలో అది ఎనిమిది వేల టీఎంసీల పైమాట. నాగార్జునసాగర్ ఇప్పటి నిల్వ సామర్థ్యం 312 టీఎంసీలు. అంటే ఏటా అలాంటి సాగర్లు ఇరవై ఐదుకు పైగా ఖాళీ చేస్తున్నామన్నమాట. ప్రపంచంలో మరే దేశమూ ఇంత తోడడం లేదు. ఇందులో ఎక్కువ భాగం సేద్యానికే పోతోంది.

ప్రయత్నాలు జరగలేదా?

జరిగాయి. 1997లో రైతులకే సాగునీటి నిర్వహణ అప్పగిస్తూ ఉమ్మడి రాష్ట్రం చట్టం చేసింది. పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిగాయి. 2000లో నీరు-మీరు వచ్చింది. 2002లో వాల్టా చట్టం వచ్చి, బోరు వేయడానికి అనుమతి ఉండాలంది. 2015లో తెలంగాణలో 46 వేలకు పైగా చెరువులను బాగుచేసే లక్ష్యంతో మిషన్ కాకతీయ మొదలైంది. పూడిక తీసిన చోట నీరు నిలిచింది, ఒండ్రు పొలాలకు ఎరువైంది. ఇవన్నీ మంచి పనులే. కానీ తీసిన పూడిక మళ్లీ చేరకుండా, తెగిన వంక మళ్లీ పూడకుండా ఏటా చూసే మనిషి ఎవరన్నది చాలా చోట్ల తేలలేదు. పనికి బిల్లు ఉంది, కాపలాకు లేదు.

పెద్ద డ్యాములకూ ఇదే వర్తిస్తుంది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాము 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. సీమ రైతుల గుండె జారిపోయింది. అప్పుడు పారుతున్న నీటిలోనే తాత్కాలిక గేటు దింపించడానికి ముందుకు వచ్చింది ఎవరు? విశ్రాంత ఇంజనీరు, గేట్ల నిపుణులు శ్రీ కన్నయ్యనాయుడు గారు. వారం రోజుల్లోపే నీటిని ఆపగలిగారు. ఆ వార్త చదివిన రోజు నాకు సిగ్గూ కలిగింది, ధైర్యమూ కలిగింది. ఆయన వయసులో పెద్దవారు, ఉద్యోగం చేసే కాలం దాటినవారు. తెలిసిన పని గనుక వెళ్లారు.

మనం చేయగలిగినది

మనకు గేట్లు దింపడం తెలియదు. కానీ కాగితం తెలుసు. ఏ చెరువు గర్భం ఏ సర్వే నంబరులో ఉందో, ఎఫ్ఎంబీ ఎలా చదవాలో, అడంగల్‌లో ఏ కాలం చూడాలో, అర్జీ ఎవరి పేర వ్రాస్తే తిరిగి రాకుండా ఉంటుందో మనకు తెలిసినంతగా రైతుకు తెలియదు. మూడేళ్లుగా నేను మా ఊరికి నెలకొకసారి వెళ్లి, చెరువుకు నీరు తెచ్చే వంకల సర్వే నంబర్లన్నీ ఒక నోటు పుస్తకంలో ఎక్కించాను. ఊరి కుర్రవాళ్లు ఫోనుల్లో ఫోటోలు తీసుకున్నారు. ఒక వంక ఆక్రమణ తొలగించడానికి అర్జీ నేనే వ్రాశాను. ఈసారి అర్జీతో పాటు నేను కూడా ఆఫీసుకు వెళ్లాను. మూడుసార్లు తిప్పారు. నాలుగోసారి సర్వేయరు వచ్చాడు. నిరుడు ఆ వంకలో నీళ్లు పారాయి. చెరువు నిండలేదు, సగానికి వచ్చింది. దామాషా అంటే ఏమిటని కుర్రవాళ్లు అడిగితే కట్ట మీద కూర్చుని చెప్పాను.

పూర్వం చెరువు చూసినవాడికి ఇనాం ఇచ్చేవారు. మనకు ప్రభుత్వం నెలనెలా పింఛను ఇస్తోంది. చేసిన సేవకు ఇది మన హక్కు, సందేహం లేదు. అయినా నేను మాత్రం నా పింఛనులో కొంత భాగాన్ని దశబంధంగా లెక్క వేసుకుంటున్నాను. మన సభ్యులు తమ తమ ఊళ్లలో ఒక్కొక్క చెరువు రికార్డు చూసిపెడితే, వచ్చే సర్వసభ్య సమావేశంలో ఆ వివరాలన్నీ ఒకచోట చేర్చవచ్చునని మనవి. ఎవరికైనా రిజిస్టరు చదవడంలో ఇబ్బంది ఉంటే నేను వస్తాను. మోకాళ్ల నొప్పులు ఉన్నాయి, బస్సు ఎక్కగలను.

వ్రాతలో దోషాలుంటే పెద్దలు మన్నించగలరు.

— ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు, రెవెన్యూ శాఖ